ఆరో సెక్టార్ ఫిర్యాదు

పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించి, దానితో కంప్యూటర్‌ను చక్కగా బూట్ చేసుకున్న తర్వాత, ఎందుకైనా మంచిదని డిస్కును తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే ప్రోగ్రామ్ నడిపితే గుండె గుభేలుమంటుంది. బూట్ సెక్టార్‌కూ దాని నకలుకూ తేడాలున్నాయంటూ 3:53/6డీ, 4:59/6బీ అని అంకెల వరస కుమ్మరిస్తుంది. డ్రైవ్ పాడైందనుకుని ఫార్మాట్‌కు దిగేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఈ తేడా మూలం 1981 నాటి ఐబీఎం పీసీలో ఉంది. మెషీన్ ఆన్ చేయగానే బయోస్ డిస్కులోని మొట్టమొదటి సెక్టార్‌ను, అంటే 512 బైట్ల బూట్ సెక్టార్‌ను, మెమరీలో 31,744వ చిరునామా దగ్గర దించి పగ్గాలు దానికి అప్పగించేది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే కోడ్ మొదలయ్యేది అక్కడే. తర్వాత అదే సెక్టార్‌లో డిస్కు కొలతల చిట్టా కూడా చేరింది. క్లస్టర్ ఎంత, ఫ్యాట్ పట్టికలు ఎన్ని అన్నవి అందులో ఉంటాయి. సంబంధం లేని రెండు పనులు ఒకే గదిలో కాపురం పెట్టాయన్నమాట.

1996లో ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్ వచ్చింది. ఆ ఒక్క సెక్టార్ చెడితే డిస్కంతా అయోమయమవుతుంది కాబట్టి, మైక్రోసాఫ్ట్ దాని నకలును ఆరో సెక్టార్‌లో పెట్టించింది. నకలు ఎక్కడుందో చెప్పే అంకె కూడా అసలు సెక్టార్‌లోనే, 50వ బైట్ దగ్గర ఉంటుంది. అసలుదే పోతే ఆ అంకెను చదివేదెలా? అందుకే ఆరు తప్ప వేరే చోటు వద్దని గట్టిగా సూచించారు. మెచ్చుకోదగ్గ ముందుచూపే. అయితే ఫ్యాట్ పట్టికల రెండు ప్రతులూ మామూలుగా జంటగా మారతాయి గానీ, బూట్ సెక్టార్‌కు ఆ క్రమశిక్షణ అబ్బలేదు.

హెచ్. పీటర్ ఆన్విన్ 1994లో మొదలుపెట్టిన సిస్‌లినక్స్ బూట్‌లోడర్‌నే చూడండి. అది మొట్టమొదటిదైన సున్నా సెక్టార్‌లో మొదటి 11 బైట్లనూ, 90వ బైట్ నుంచి ఉండే కోడ్‌నూ మార్చేస్తుంది. మధ్యలోని కొలతల జోలికి పోదు. ఆరో సెక్టార్‌నూ ముట్టదు. ఇప్పుడు 3:53/6డీ చదవండి. 3వ బైట్‌లో అసలు ప్రతి 53 అంటోంది, అది ఇంగ్లిష్ పెద్ద ఎస్. నకలు 6డీ అంటోంది, అది చిన్న ఎం. అక్కడి ఎనిమిది బైట్లు ప్రోగ్రాములు తమ పేరు రాసుకునే చోటు. అసలులో సిస్‌లినక్స్ పేరు పడింది. నకలులో, ఫార్మాట్ చేసిన ఎంకేఎఫ్‌ఎస్.ఫ్యాట్ పేరు అలాగే ఉండిపోయింది. పాడైంది ఏమీ లేదు.

65:01/00 అని ఒక్కటే కనిపిస్తే సంగతి వేరు. డ్రైవ్‌ను మౌంట్ చేసినప్పుడు లినక్స్ 65వ బైట్‌లో ఒక గుర్తు పెట్టి, అన్‌మౌంట్ చేసినప్పుడు చెరిపేస్తుంది. మధ్యలో ఊడబెరికితే గుర్తు అసలులో మిగిలిపోతుంది, నకలులో ఉండదు. ఇక్కడ నిజంగానే ఫైళ్లను పరీక్షించాలి.

నా అభిప్రాయంలో తనిఖీ ప్రోగ్రామ్ పోల్చవలసింది కొలతల చిట్టాను మాత్రమే. నకలులోని కోడ్‌ను బయోస్ ఎన్నడూ నడపదు, దానికోసం మనిషిని బెదరగొట్టడం అనవసరం. బయోస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చాక ఈ తగవు తగ్గింది. అది సెక్టార్ కోడ్‌ను వదిలేసి, ఫ్యాట్ ఫోల్డర్‌లోని బూట్ ఫైలును నేరుగా తెరుస్తుంది. కానీ పాత మెషీన్లూ, వాటికోసం చేసుకున్న పెన్‌డ్రైవ్‌లూ ఇంకా వాడుకలో ఉన్నాయి.

కాబట్టి ఎఫ్‌ఎస్‌సీకే మూడు దారులు చూపినప్పుడు తొందరపడకండి. 1 నొక్కితే అసలు నకలుకు ఎక్కుతుంది, బూట్‌లోడర్ బతుకుతుంది. 3 నొక్కితే ఏదీ మారదు. 2 నొక్కితే పాత నకలు అసలు మీదికి వచ్చి, మర్నాడు ఆ డ్రైవ్ బూట్ కాదు. పనిచేస్తున్న డ్రైవ్ మీద 2 మాత్రం నొక్కకండి.