బోర్లా పడ్డ పడవలో తల చివర లేవాలి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే మేమిద్దరం కూర్చుని ఆలోచించాం. పోటీ పరీక్షల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మేము మాత్రం పీజీ మొదటి ఏడాది సెలవుల్లో, పది రోజుల జలక్రీడల శిబిరంలో నేర్చుకున్న ఒక విద్య గురించి రాస్తున్నాం. బోర్లా పడిన పడవను, అందులోంచి బయటికి రాకుండానే, మనతో సహా మళ్లీ నిటారుగా లేపడం. దీన్ని రోల్ అంటారు.

మా సంగతి ముందు చెప్పాలి. మాలో ఒకడిది కావలి దగ్గర సముద్రం ఒడ్డున పాలెం. ఇంకొకడిది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. ఇద్దరమూ మూడో తరగతిలోనే ఈ హాస్టల్లో ట్రంకు పెట్టెలు దించాం. ఇద్దరి ఇళ్లలోనూ డిగ్రీ చదివింది మేమే మొదలు. మెట్ట ఊరివాడికి ఈత రాకపోవడంలో వింత లేదు, ఎండాకాలం వాళ్ల బావిలో కప్పకే నీళ్లు చాలవు. పాలెం వాడికీ రాదు. వాళ్ల నాయన తెప్ప మీద పెరిగిన మనిషి. కొడుకు సెలవులకు పోతే, "నువ్వు దిగబాక, చదువుకునేవోడివి" అని ఒడ్డునే ఆపేసేవాడు. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఒక తెల్లవారుజామున, అల విరిగే చోట ఆయన బోటు అడ్డం తిరిగి బోల్తా పడింది. పక్క బోటు వాళ్లు లాగి ఒడ్డుకు చేర్చారు. మావాడు మోకాటి లోతు నీళ్లలో నిలబడి కేకలు పెట్టడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. శిబిరానికి దరఖాస్తు పెట్టడానికి అసలు కారణం అదే. సర్టిఫికెట్ వస్తుందని పైకి చెప్పుకున్నాం.

ఇక పడవ సంగతి. రాళ్ల మధ్య దూకుతూ నురగతో తెల్లగా పారే ఏటి నీటిని వైట్ వాటర్ అంటారు. అలాంటి నీళ్లలో పైన తెరిచి ఉన్న పడవ క్షణంలో నిండిపోతుంది. అందుకని పైకప్పు ఉన్న కెనూ వాడతారు. కెనూ ఉత్తర అమెరికా ఆదివాసుల పడవ, బెరడుతో చేసేవాళ్లు. మోకాళ్ల మీద కూర్చుని, ఒకే వైపు రేకు ఉన్న తెడ్డుతో నడపాలి. కయాక్ గ్రీన్‌లాండ్ వంటి మంచు ప్రాంతాల వేటగాళ్లది. పైన తోలు కప్పి, కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు వైపులా రేకులున్న తెడ్డు వేస్తారు. మేము ఎక్కింది ఈ రెండింటికీ పుట్టిన బిడ్డ లాంటిది. కయాక్‌లా మూసి ఉంటుంది, కెనూలా మోకాళ్ల మీద కూర్చోవాలి. మనిషి పట్టేంత కంత ఒక్కటే ఉంటుంది. నడుముకు రబ్బరు గుడ్డ తొడుక్కుని దాని అంచును ఆ కంత చుట్టూ బిగిస్తారు. దాని పేరు స్ప్రే స్కర్ట్. మొదటిరోజు ఆ లంగా తొడుక్కోవడానికి మేము పడిన సిగ్గు ఇంతా అంతా కాదు.

ఒలింపిక్స్‌లో ఈ పడవల స్లాలమ్ పోటీలు 1972లో మొదలై, మధ్యలో ఆగి, 1992 నుంచి వరసగా జరుగుతున్నాయి. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్ దగ్గర నర్మదా నదిలో, సహస్రధార అనే చోట ఆడతారు.

గ్రీన్‌లాండ్ వేటగాళ్లకు రోల్ ఆట కాదు. సీల్ తోలు చొక్కాను పడవ కంతకు బిగించి కట్టుకునేవాళ్లు. పడవ తిరగబడితే ఆ మంచు నీళ్లలో బయటపడి ఈదినా ఎంతోసేపు బతకరు. లేచి తీరాలి. ఆస్ట్రియాకు చెందిన పావ్లాటా అనే ఆయన, గ్రీన్‌లాండ్ వెళ్లినవాళ్లు రాసిన పుస్తకాలు చదివి, 1927లో ఈ విద్యను తనంతట తాను సాధించాడు. చదివి నేర్చుకోవచ్చన్నమాట! మాకు మాత్రం ఆరు రోజులు పట్టింది.

మొదటిరోజు లేవడం నేర్పలేదు, బయటపడటం నేర్పారు. తలకిందులుగా ఉండగానే ముందు అంచున ఉన్న పట్టీ తడిమి పట్టుకుని, రబ్బరు గుడ్డను లాగేసి జారిపోవాలి. ఇది వస్తే భయం సగం పోతుంది. రెండోరోజు కొలను గట్టు పట్టుకుని నడుము తిప్పడం. మూడోరోజు తెడ్డు చేతికిచ్చారు.

చేయాల్సింది ఇది. పడవ తిరగబడగానే ముందుకు వంగి, నుదురు పడవ కప్పుకు ఆనేటట్టు ముడుచుకోవాలి. అలా ఉంటే ఏట్లో మొహం రాళ్లకు కొట్టుకోదు. తెడ్డును పడవ పక్కకు తెచ్చి, రేకును నీటి పైభాగాన బల్లపరుపుగా ఉంచాలి. అక్కడి నుంచి రేకును పక్కకు చాపుతూ, తెడ్డు వైపు మోకాలితో పడవను పైకి లాగాలి. రెండో మోకాలు వదులుగా ఉంచాలి. రెండూ బిగిస్తే ఒకదాన్ని ఒకటి చెరుపుకుంటాయి. పడవ ముందు తిరుగుతుంది, తర్వాత నడుము, తర్వాత ఛాతీ. తల అన్నిటికన్నా చివర. రేకు ఒక్కటే కాబట్టి ఏ వైపు పడినా మన తెడ్డు వైపు నుంచే లేవాలి.

చిక్కంతా తల దగ్గరే. ఊపిరి ఆడనప్పుడు ఎవరైనా ముందు తలే ఎత్తుతారు. మేమూ అదే చేశాం. తల ఎత్తిన ప్రతిసారీ సగం లేచిన పడవ మళ్లీ మీద పడింది. "చేతులతో లేస్తున్నారు, నడుముతో లేవండి" అని శిక్షకుడు అరిచేవాడు. హిందీ సగమే అర్థమయ్యేది, కోపం మాత్రం పూర్తిగా అర్థమయ్యేది.

అయిదోరోజు రాత్రి మెట్ట ఊరివాడికి బావిలో చేద గుర్తొచ్చింది. నిండిన చేద నీళ్లలో ఉన్నంతసేపు వేలితో లాగినా కదులుతుంది. నీటి మట్టం దాటగానే తాడు అరచేయి కోస్తుంది. తలా అంతే. మనిషి తల సుమారు 5 కిలోలు. నీళ్లలో ఉంటే ఆ బరువు నీరే మోస్తుంది. బయటికి తీస్తే మనం మోయాలి, మోయడానికి కింద ఆధారం లేదు. ఆర్కిమెడిస్ సూత్రాన్ని హైస్కూల్లో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. అది మన మెడ మీద ఉన్నదానికి కూడా వర్తిస్తుందని ఎవరికి తట్టింది? మర్నాడు కళ్లు రేకు మీద నుంచి తీయకుండా ఉంచాం. చూపు రేకు మీద ఉంటే తల దానంతటదే కిందికి ఉంటుంది. పాలెం వాడు మొదట లేచాడు, మధ్యాహ్నానికి ఇంకొకడు.

తమ్ముళ్లూ, పడవ లేకపోయినా ఈ సంగతి గుర్తుంచుకోండి. చెరువులోనో కాలువలోనో జారిపడినవాడు చేతులు రెండూ పైకెత్తి కేక వేస్తాడు. నీళ్లలోంచి పైకి తీసిన ప్రతిదీ బరువే, ఆ చేతులే తలను కిందికి తొక్కుతాయి. చేతులు నీళ్లలోనే ఉంచి, చెవులు మునిగేటట్టు వెల్లకిలా పడుకుంటే ముక్కు నోరు పైన ఉంటాయి. దీన్ని పరీక్షించడానికి బకింగ్‌హాం కాలువకు పోవద్దు, తుమ్మలపెంటలో సముద్రంలోకీ పోవద్దు. ఈత వచ్చిన పెద్దవాళ్లు పక్కన ఉండాలి, నీళ్లు నడుము లోతు దాటకూడదు. రోల్ వచ్చినవాళ్లకూ ప్రమాదం తప్పదు. గ్రీన్‌లాండ్‌లో ఈ విద్య బాగా నేర్చిన ఇంగ్లండు యువకుడు గినో వాట్కిన్స్ 1932లో ఒంటరిగా వేటకు వెళ్లాడు. అతని కయాక్ ఖాళీగా తేలుతూ దొరికింది, అతను దొరకలేదు.

శిబిరం నుంచి వచ్చాక ఇద్దరం పాలెం వెళ్లి ఇదంతా నాయనకు చెప్పాం. ఆయన వల బాగుచేసుకుంటూ విన్నాడు.

"తెప్పకు ఈ తిప్పలు లేవురా. దుంగలు కట్టిందే కదా, నీళ్లు నిండేదానికి గుంతే ఉండదు. తిరగబడినా తేలతానే ఉంటది, పట్టుకుంటే చాలు. ఈ ఫైబర్ బోటుకే భయం, నీళ్లు పట్టిందంటే మాట వినదు."

2004 సునామీ తర్వాత మన తీరంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి, తెప్పలు తగ్గిపోయాయి. కట్టుమరం అనే తమిళ మాట నుంచే ఇంగ్లీషులో కాటమరాన్ వచ్చిందని చెబితే, "మాటన్నా మిగిలిందిలే" అన్నాడు. కాసేపు ఆగి అడిగాడు:

"బోర్లా ఉన్నప్పుడు కళ్లు తెరిచే ఉంటాయా?"

"తెరిచే నాయనా."

"ఏం కనబడతది?"

"పచ్చగా నీళ్లు. తెడ్డు రేకు."

ఆయన దారం కొరికి ముడి వేశాడు. "తెల్లారి నాలుగింటికి లేవండి ఇద్దరూ. బోటెక్కేది తర్వాత. ముందు అలలో నిలబడేది నేర్చుకుందురు."

పోయాం. మొదటి అలకే ఇద్దరం పడ్డాం.