సినిమాకు రాయితీ సరే, సినిమా చదువు మాటేమిటి?

ప్రొద్దుటూరు: తెలుగు చలనచిత్ర రంగానికి కడప జిల్లా చేసిన దోహదం అందరికీ విదితమే. ‘మల్లీశ్వరి’ని తీసిన బి.ఎన్.రెడ్డి పులివెందుల తాలూకా బిడ్డ. విజయా సంస్థను నడిపిన బి.నాగిరెడ్డి ఆయనకు స్వయానా తమ్ముడు. అన్నకు 1974 సంవత్సరానికి, తమ్మునికి 1986 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు లభించింది. హాస్యనటుడు పద్మనాభం సింహాద్రిపురం వాస్తవ్యుడు. నటి శాంతకుమారి పుట్టినది ప్రొద్దుటూరులో. ఇందరిని చిత్రసీమకు పంపిన ఈ ప్రాంతంలో కెమెరా పట్టడం, శబ్దం పట్టడం నేర్చుకుందామనుకునే పేద విద్యార్థి మాత్రం ఊరు విడిచి వెళ్లక తప్పడం లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలలో ప్రభుత్వ ఖర్చుతో ఇటువంటి డిప్లొమా కోర్సు నడవవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

స్టూడియోయే పాఠశాల

నాటి తరం వారు చిత్ర నిర్మాణాన్ని కళాశాలలో నేర్వలేదు. మద్రాసులోని వాహినీ స్టూడియోయే వారికి పాఠశాల. తాడిపత్రి నుంచి వెళ్లిన కె.వి.రెడ్డి మొదట క్యాషియరుగా పనిచేశారు. తరువాత ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ చిత్రాలకు దర్శకులైనారు. కె.విశ్వనాథ్ తొలుత వాహినీ శబ్దగ్రహణ విభాగంలో పనిచేసినవారే. పెద్దల పక్కన నిలబడి, తిట్లు తిని, పని పట్టుకోవడం ఆనాటి పద్ధతి.

ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. అయితే స్టూడియో గేటు దాటాలంటే ఎవరో ఒకరు తెలిసినవారుండాలి. మద్రాసులో తల దాచుకోవడానికి ఇల్లు, చేతి ఖర్చుకు డబ్బు ఉండాలి. ఆ రెండూ లేనివారు తెర ముందు కూర్చొని చూడడంతోనే సరిపెట్టుకున్నారు. పైగా నాటి విజయా వాహినీ స్టూడియోలు నేడు లేవు. ఆ పాఠశాల కూడా మూతపడినట్లే.

పాలిటెక్నిక్‌లో పుట్టిన చదువు

సినిమాను పాలిటెక్నిక్‌లో నేర్పడం కొత్త ఊహ ఏమీ కాదు. బెంగుళూరులోని శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో 1943లోనే ఛాయాగ్రహణ కోర్సు ప్రారంభమైంది. గురుదత్ చిత్రాలు ‘ప్యాసా’, ‘కాగజ్ కే ఫూల్’లకు ఛాయాగ్రాహకుడైన వి.కె.మూర్తి అక్కడ డిప్లొమా పుచ్చుకున్నవారే. 2008 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్నది కూడా ఆయనే. దర్శకుడు గోవింద్ నిహలానీ సైతం అక్కడే ఛాయాగ్రహణం చదివారు. పేరు పొందిన ఈ ఇద్దరికీ విద్య నేర్పినది ప్రభుత్వ పాలిటెక్నిక్ కావడం గమనార్హం.

మద్రాసులో 1945లో సెంట్రల్ పాలిటెక్నిక్‌లో ఒక విభాగంగా చలనచిత్ర విద్య మొదలైంది. అదే తరువాత అడయారు ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌గా పేరు పొందింది. అప్పటికి కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. ఇక్కడివారు కట్టిన పన్నులు కూడా ఆ ఖజానాకే చేరేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లా ఇటు వచ్చింది. ఆ విద్యాలయం అటే ఉండిపోయింది.

కేంద్ర స్థాయిలో ఎస్.కె.పాటిల్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1951లో నివేదిక సమర్పించింది. చిత్రాలకు అప్పు ఇచ్చే సంస్థ ఒకటి, చిత్ర విద్యకు సంస్థ ఒకటి కావాలని సూచించింది. ఆ రెండూ 1960లో రూపు దాల్చాయి. ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషన్ ఏర్పడగా, పుణెలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో ఫిలిం ఇన్‌స్టిట్యూట్ వెలసింది. డబ్బు ఒక చేత, చదువు ఒక చేత ఉంటేనే పరిశ్రమ నిలబడుతుందన్నది ఆ సూచనలోని సారాంశం.

రాయితీ తీసిన సినిమాకే

మన రాష్ట్రంలో మొదటి చెయ్యి బాగానే పనిచేసింది. 1964 నుంచి నంది అవార్డులు ఇచ్చారు. 1970 దశకంలో చలనచిత్రాభివృద్ధి సంస్థను నెలకొల్పారు. మద్రాసు నుంచి పరిశ్రమను రప్పించేందుకు రాష్ట్రంలో తీసిన చిత్రాలకు సబ్సిడీలు, రాయితీలు కల్పించారు. ఇవన్నీ పూర్తయిన చిత్రానికి, దానిని తీయగల స్తోమత ఉన్నవారికి అందినవి. తీయడం నేర్చుకోవలసిన జిల్లా విద్యార్థి దాకా ఆ డబ్బు రాలేదు.

కాని సినిమా మీద ప్రభుత్వానికి వచ్చిన ఆదాయంలో జిల్లా ప్రేక్షకుల వాటా తక్కువది కాదు. 2017 జూలైలో జి.ఎస్.టి.లో కలిసిపోయేవరకు టికెట్టు కొన్న ప్రతిసారీ వినోదపు పన్ను కట్టినవారే వీరంతా. దశాబ్దాల తరబడి ఇచ్చినదానిలో కొంత విద్య రూపంలో తిరిగి రావాలని కోరడం గొంతెమ్మ కోరిక కాబోదు.

ఇప్పుడు ఖర్చు తగ్గింది

తాగునీటికి, ఆసుపత్రులకు చాలని డబ్బు సినిమా చదువుకు ఎందుకనే ప్రశ్న సహజమే. వెనుకటి రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. 35 మిల్లీమీటర్ల ఫిల్ము 1000 అడుగులు వాడితే దొరికేది సుమారు 11 నిమిషాల చిత్రం. విద్యార్థి తప్పు చేస్తే ఫిల్మంతా వృథా. ఆపైన లేబొరేటరీ ఖర్చు. డిజిటల్ కెమెరా వచ్చాక ఈ బాధ తీరింది. తప్పు తీసిన దృశ్యాన్ని చెరిపి మళ్లీ తీయవచ్చు. కూర్పు పనికి మంచి కంప్యూటరు, శబ్దానికి నాలుగు మైకులు, నిశ్శబ్దంగా ఉండే ఒక గది ఉంటే ప్రాథమిక శిక్షణ మొదలుపెట్టవచ్చు.

చదివినవారందరూ దర్శకులు కానక్కరలేదు. పెళ్లి వీడియోలు, స్థానిక కేబుల్ టీవీ, వ్యాపార ప్రకటనలు, యూట్యూబ్ వార్తలు అన్నింటికీ నేడు కెమెరా, కూర్పు, శబ్దం తెలిసినవారు కావాలి. బంగారం, బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో ప్రకటనలకు కొదువ ఉండదు. 2023 ప్రారంభంలో ‘భారతీయుడు-2’ చిత్రీకరణకు కమల్ హాసన్ బృందం జమ్మలమడుగు దగ్గరి గండికోటకు వచ్చింది. అటువంటి బృందాలకు చేతిపని తెలిసిన స్థానికులు దొరికితే కూలీ డబ్బు కొంతైనా ఇక్కడ మిగులుతుంది.

ఇంతకు మించిన ప్రయోజనం మరొకటి ఉన్నది. గండికోట జలాశయం నీటిమట్టం పెంచినప్పుడు 2020లో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ఖాళీ అయినాయి. పులివెందుల సమీపాన తుమ్మలపల్లెలో యురేనియం గని వచ్చింది. మునిగిన ఊరి తేరువీధి ఎటు ఉండేదో, గని పక్క రైతు ఏమంటున్నాడో బయటివారు వచ్చి రెండు రోజుల్లో తీయగలిగినది కాదు. ఊరి మాట తెలిసిన పిల్లలు కెమెరా పట్టాలి. నేడు తీయకపోతే ఆ ముసలివారు పోయాక తీయడానికి ఏమీ మిగలదు.

దారి లేకపోలేదు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2013లో కమ్యూనిటీ కళాశాలల పథకాన్ని ప్రవేశపెట్టింది. ఉన్న కళాశాలలోనే, స్థానిక అవసరాన్ని బట్టి, చేతిపనికి పెద్దపీట వేస్తూ డిప్లొమా కోర్సులు నడపడం దాని ఉద్దేశం. పుణె ఇన్‌స్టిట్యూట్ 2017 నుంచి ‘స్కిఫ్ట్’ పేరిట దేశంలోని వేర్వేరు పట్టణాలలో స్వల్పకాలిక కోర్సులు నిర్వహించింది. అధ్యాపకులే ఊరికి వచ్చి చెప్పే పద్ధతి అది.

జిల్లాలో వసతులకు లోటు లేదు. కడపలో 2020లో ఏర్పడిన డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల, పులివెందులలో జె.ఎన్.టి.యు. కళాశాల, జమ్మలమడుగులో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నాయి. మూడు పట్టణాలకు కలిపి ఒక్క పరికరాల సెట్టు కొని, వంతులవారీగా తిప్పినా పని జరుగుతుంది. సిలబస్, పరీక్షల బాధ్యత కడప విశ్వవిద్యాలయం తీసుకోవచ్చు. చలనచిత్రాభివృద్ధి సంస్థ ఏటా కొద్ది మొత్తం కేటాయించి, విద్యార్థులు తీసిన లఘు చిత్రాలకు సాయం చేయవచ్చు.

జాగ్రత్త పడవలసిన విషయం ఒకటి ఉన్నది. కెమెరాలు కొని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఈ ఖర్చు దండుగే అవుతుంది. నేర్పేవారిని నియమించిన తరువాతే పరికరాలు కొనాలి. ఏటా తీసిన చిత్రాలను ఊరి ప్రజల ముందు ప్రదర్శించాలి. డబ్బు ఎక్కడ ఖర్చయిందో అప్పుడు అందరికీ కనబడుతుంది.

బి.ఎన్.రెడ్డికి తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చి సత్కరించింది. సత్కారం సముచితమే. ఆయన పుట్టిన తాలూకా పిల్లలకు ఆ విద్య అందే ఏర్పాటు చేయవలసిన పని ప్రభుత్వం ముందు, విశ్వవిద్యాలయాల ముందు ఇంకా మిగిలే ఉన్నది.