బెడాక్విలిన్: ఒక క్షయ మందు పరీక్షకు నిలిచిన విధము

రిఫాంపిసిన్ వాడుకలోనికి వచ్చిన తరువాత సుమారు నలుబది సంవత్సరముల వరకు క్షయవ్యాధికి కొత్త తరగతికి చెందిన మందు ఏదియు అనుమతి పొందలేదు. ఈలోగా క్షయక్రిములలో కొన్ని పాత మందులకు లొంగకుండునట్లు మారినవి. అట్టి మొండి క్షయ సోకినవారు పదునెనిమిది నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, చికిత్స పొందవలసి వచ్చెడిది. అందులో వాడు సూదిమందుల వలన కొందరికి వినికిడి శక్తి పోయెడిది. ఇట్టి స్థితిలో వెలువడిన మందు బెడాక్విలిన్.

బెల్జియంలోని జాన్సెన్ సంస్థకు చెందిన కోయెన్ ఆండ్రీస్, ఆయన సహచరులు దీని గుణములను 2005లో ప్రకటించిరి. ఇది చిన్న అణువు. ఇన్సులిన్ అణుభారము సుమారు 5800 కాగా, దీని అణుభారము సుమారు 555 మాత్రమే. ఇన్సులిన్ వంటి ప్రోటీనును మింగినచో అది కడుపులోనే జీర్ణమైపోవును. బెడాక్విలిన్ అట్లుగాక ప్రేగుల నుండి రక్తములో కలియును. కనుక దీనిని మాత్రగా ఇయ్యవచ్చును.

ఇది క్రిమిని ఎట్లు చంపును? ప్రతి జీవకణమునకు శక్తి కావలెను. ఆ శక్తిని ఎ.టి.పి. అను పదార్థము అందించును. దానిని తయారుచేయు ఎంజైములో ఒక భాగము చక్రమువలె తిరుగుచుండును. బెడాక్విలిన్ క్షయక్రిమిలోని ఆ చక్రమునకు అడ్డుపడును; శక్తి అందక క్రిమి చచ్చును. పాత మందులు క్రిమిని ఇతర స్థానములలో దెబ్బతీయును. కావున వాటికి లొంగని క్రిములు సైతము దీనికి లొంగును.

అయితే పరీక్షనాళికలో క్రిమి చచ్చుట వేరు, రోగి బ్రతుకుట వేరు. ఒక ముఖ్యమైన పరీక్షలో 160 మంది రోగులను చీట్లు తీసినట్లు రెండు జట్లుగా విభజించిరి. అందరికిని వాడుకలోని మందులిచ్చిరి. వాటికి తోడు 79 మందికి బెడాక్విలిన్, 81 మందికి మందు లేని మాత్ర ఇచ్చిరి. కఫములో క్రిములు మాయమగుటకు పట్టిన కాలపు మధ్యగతము మొదటి జట్టులో 83 రోజులు, రెండవ జట్టులో 125 రోజులు. కాని మొదటి జట్టులో 10 మంది, రెండవ జట్టులో ఇద్దరు మరణించిరి. ఈ తేడాకు స్పష్టమైన కారణము దొరకలేదు. పైగా ఈ మందు గుండె యొక్క విద్యుత్ లయను కొంత మార్చును. శరీరము నుండి పూర్తిగా పోవుటకు నెలలు పట్టును.

అనుమతి ఇయ్యవలెనా? 2012 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తన నిపుణుల సంఘమును అడిగెను. మందు పనిచేయునని 18 మందియు ఏకగ్రీవముగా చెప్పిరి. సురక్షితమా అను ప్రశ్నకు 11 మంది అవుననియు, 7 గురు కాదనియు ఓటు వేసిరి. మొండి క్షయ స్వయముగా ప్రాణాంతకము. వేరు మార్గములు తక్కువ. అందుచేత అదే సంవత్సరము డిసెంబరు 28న షరతులతో త్వరిత అనుమతి లభించినది. ఇతర చికిత్సకు అవకాశము లేని పెద్దలకే దీనిని వాడవలెను. మరణములను గూర్చిన హెచ్చరికను మందుతోపాటు ముద్రింపవలెను. మరింత పెద్ద పరీక్ష జరుపవలెను.

కఫము శుభ్రపడుట ఒక సూచిక మాత్రమే. అసలు గమ్యము రోగి జీవించుట. ఆ సంగతి తేలుటకు సంవత్సరములు పట్టును. త్వరిత అనుమతి ఈ రెంటి నడుమ వేసిన వంతెన.

భారతదేశములో 2016లో కొన్ని కేంద్రములలో దీని వాడుక ప్రారంభమైనది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మొండి క్షయకు ప్రధానమైన మందుల వర్గములో చేర్చినది. 2022లో దీనితో కూడిన ఆరు నెలల మాత్రల చికిత్సను సిఫారసు చేసినది. పెద్ద పరీక్ష ఫలితములు వచ్చిన పిమ్మట 2024లో అమెరికాలో పూర్తి అనుమతి లభించినది. ఇప్పుడు దీనికిని లొంగని క్రిములు అక్కడక్కడ కనబడుచున్నవి. కనుక మందును తగిన తోడు మందులతో కలిపి, మధ్యలో మానక, చివరివరకు వాడుట అత్యవసరము.