హైజంప్‌లో ఎత్తు నేలమీదే తేలుతుంది

జూనియర్లు పెద్దల రికార్డుల దరిదాపుల్లోకి వెళ్లగలిగే ఆటల్లో అమ్మాయిల హైజంప్ ఒకటి. 1988లో కెనడాలోని సడ్‌బరీలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో రొమేనియాకు చెందిన గలీనా అస్తఫే 19 ఏళ్ల వయసులో 2.00 మీటర్లు దాటింది. అప్పటికి పెద్దల ప్రపంచ రికార్డు 2.09. ఉక్రెయిన్ అమ్మాయి యారొస్లావా మహూచిఖ్ 2017లో నైరోబీలో 18 ఏళ్లలోపు వారి ప్రపంచ పోటీ గెలిచింది. రెండేళ్లు తిరిగేసరికి దోహాలో ఏకంగా పెద్దల పోటీల్లో 2.04 దూకి, 20 ఏళ్లలోపు వారి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అక్కడ స్వర్ణం గెలిచిన మరియా లసిత్స్‌కెనె దాటిందీ అంతే ఎత్తు. విఫలయత్నాలు తక్కువ కావడం వల్లే ఆమెకు మొదటి స్థానం దక్కింది.

కండబలమే సర్వస్వమైతే పద్దెనిమిదేళ్ల పిల్లకు ఇది సాధ్యమయ్యేది కాదు. పదహారేళ్లకే చాలామంది అమ్మాయిలు దాదాపు పూర్తి ఎత్తు పెరిగిపోతారు, ఒళ్లు తేలికగా ఉంటుంది. మిగిలిన పనల్లా పరుగు వేగాన్ని పైకి మళ్లించడమే.

ఆ మళ్లింపంతా చివరి నాలుగైదు అడుగుల్లో ఉంది. మొదట సూటిగా సాగిన పరుగు అక్కడ వంపు తిరుగుతుంది. మలుపులో సైకిల్ తొక్కేవాడిలా క్రీడాకారిణి లోపలికి, అంటే బార్‌కు దూరంగా, వాలుతుంది. దాంతో మోకాళ్లు ఎక్కువగా వంచకుండానే, వేగం తగ్గకుండానే ఆమె గరిమనాభి కిందికి దిగుతుంది. శరీరం బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కగట్టే బిందువది. ఆఖరి పాదం మోపగానే వాలిన ఒళ్లు నిటారుగా లేస్తుంది. పైకి లేవడానికి కావలసిన వేగం, వీపును బార్ వైపు తిప్పే భ్రమణం రెండూ ఆ క్షణంలోనే పుడతాయి. పాదం నేలమీద ఉండేది సుమారు సెకనులో ఆరో వంతు. అంతసేపూ ఆ ఒక్క కాలు శరీర బరువుకు సగటున మూడు రెట్లకు పైగా భారం మోస్తుంది.

ఒక లెక్క చూడండి. 1.80 మీటర్ల పొడవున్న అమ్మాయి నేల విడిచేటప్పుడు ఆమె గరిమనాభి దాదాపు 1.27 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. పైకి లేచే వేగం సెకనుకు 3.7 మీటర్లయితే అది మరో 70 సెంటీమీటర్లు లేస్తుంది. అదే వేగం 3.8 అయితే దాదాపు ఇంకో నాలుగు సెంటీమీటర్లు కలుస్తాయి. పోటీ చివర్లో బార్‌ను రెండేసి సెంటీమీటర్లు పెంచుతారు కాబట్టి, అది రెండు మెట్ల తేడా.

పాదం లేచాక గరిమనాభి దారిని ఎవరూ మార్చలేరు. అయితే వీపును విల్లులా వంచితే తల, నడుము, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి బార్ దాటుతాయి, ఆ బిందువు మాత్రం బార్ కిందుగా కూడా పోవచ్చు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ లోకానికి చూపింది ఈ పద్ధతే. నాలుగేళ్లకు మ్యూనిక్‌లో పదహారేళ్ల ఉల్రికె మైఫార్ట్ ఇలాగే 1.92 దూకి స్వర్ణం గెలిచింది. 2012లో హైదరాబాద్‌లో సహనా కుమారి నెలకొల్పిన మన జాతీయ రికార్డు కూడా సరిగ్గా 1.92.

వీపుమీద పడే ఈ పద్ధతికి మెత్తటి ఫోమ్ మ్యాట్ కావాలి, ఇసుక గుంట పనికిరాదు. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో 1.89 మీటర్లతో ఆసియా స్వర్ణం గెలిచిన హర్యానా అమ్మాయి పూజా సింగ్ మొదట్లో వెదురు కర్రను బార్‌గా పెట్టుకుని, బస్తాలమీద పడుతూ నేర్చుకుంది. ఆమె పట్టుదల గొప్పదే, కానీ ప్రతి పిల్లా మెడను పణంగా పెట్టి నేర్చుకోవాలని కోరడం న్యాయం కాదు. జిల్లా మైదానాలకూ గురుకులాలకూ క్రీడా నిధులిచ్చే అధికారులు, దాతలు ముందుగా ఒక మంచి మ్యాట్ కొనిపెట్టాలి.