కోత లేని సూది పరీక్ష

ఖానాపూర్‌లో బీడీలు చుట్టే ఒక అక్క ఉందనుకుందాం. రెండు నెలల నుండి ఆమెకు కడుపు నొప్పి. పొద్దుగూకితే జ్వరం. మనిషి చిక్కిపోయింది. నిర్మల్‌లో స్కానింగ్ తీస్తే, కడుపు లోపల బిళ్ళలు కట్టినట్లు తేలింది.

"హైదరాబాద్ పోయి సూది పరీక్ష చేయించుకో" అన్నది డాక్టరమ్మ.

పక్కింటి అవ్వ భయపెట్టింది. "వద్దు బిడ్డా! గడ్డకు సూది తాకితే కాన్సర్ ఒళ్ళంతా పాకుతది."

అక్క మళ్ళీ డాక్టరమ్మను అడిగింది.

"సూదితో జబ్బు పాకుడు చాలా అరుదమ్మా. ఆలస్యం చేస్తేనే ముప్పు" అని డాక్టరమ్మ చెప్పింది.

సూది ఎందుకు?

స్కానింగ్‌లో బిళ్ళ కనబడుతుంది. అది ఏ జబ్బో చాలాసార్లు తేలదు. టీబీ బిళ్ళ, కాన్సర్ బిళ్ళ చూడటానికి ఒకే తీరుగా ఉండవచ్చు. కాని మందులు వేరు. టీబీ మామూలుగా ఆరు నెలల మందులతో నయమవుతుంది. సర్కారు దవాఖానలో ఆ మందులు ఉచితం. కాన్సర్‌కు వైద్యం వేరు. జబ్బు తెలియకుండా మందు వాడితే కాలం పోతుంది, పైసలు పోతాయి.

ఎట్లా చేస్తారు?

మత్తు ఇచ్చి, నోటి నుండి సన్నని గొట్టాన్ని కడుపులోకి పంపుతారు. గొట్టం కొసకు చిన్న కెమెరా, స్కానింగ్ యంత్రం ఉంటాయి. కడుపు గోడ అవతల ఉన్న బిళ్ళలు, రక్తనాళాలు తెరమీద కనబడతాయి. డాక్టరు నాళాలను తప్పించి, సన్నని సూదిని బిళ్ళలోకి దింపుతారు. కొంచెం కండ తీసి ల్యాబుకు పంపుతారు. ఒంటిమీద కోత ఉండదు, కుట్లు ఉండవు. చాలామంది అదే రోజు ఇంటికి పోతారు.

ఈ పద్ధతి 1992లో డెన్మార్క్ దేశంలో మొదలైంది. ఇప్పుడు హైదరాబాద్‌లోని పెద్ద దవాఖానల్లో చేస్తున్నారు.

గుర్తుంచుకోండి

డాక్టరు చెప్పినన్ని గంటలు ఏమీ తినకూడదు. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. వెంట ఒకరు ఉండాలి. పరీక్ష తర్వాత నొప్పి ఎక్కువైనా, జ్వరం వచ్చినా, రక్తం కక్కినా, దొడ్డికి నల్లగా వచ్చినా వెంటనే దవాఖానకు పోవాలి.

ఒక్కోసారి కండ చాలదు. మళ్ళీ తీయవలసి వస్తుంది. "ఏమీ లేదు" అని వచ్చినా బాధ తగ్గకపోతే డాక్టరుకు మళ్ళీ చూపించాలి.

అక్క బస్సెక్కింది. పాత స్కానింగ్ కాగితాలన్నీ సంచిలో పెట్టుకున్నది. జబ్బు పేరు తెలిస్తేనే కదా, దానికి తగిన మందు దొరికేది!