పిట్టల వేట కోసం పొలం కొంటారట!

పంట కోసం పొలం కొనడం మనకు తెలుసు. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో మాత్రం కొందరు పక్షుల వేట కోసమే పొలాలు కొంటారు. వాళ్లు వేటాడే ఫెజెంట్ కోడి మన నెమలి, అడవికోడి కుటుంబానికి చెందినదే. ఆసియా నుంచి తెచ్చి, 1908-09లో స్పింక్ కౌంటీలో వదిలితే అక్కడే స్థిరపడింది. మొదటిసారి 1919లో ఒక్క రోజు వేటకు అనుమతిచ్చారు.

మరి అటువంటి పొలాన్ని ఎలా ఎంచుతారు? మనం నల్లరేగడా, ఎర్ర నేలా, బోరులో నీళ్లెన్ని అని చూస్తాం. వాళ్లు ముందు గడ్డి చూస్తారు. ఈ కోడి నేల మీదే గూడు పెడుతుంది కాబట్టి వసంతంలో మోకాలెత్తు గడ్డి కావాలి. పొదిగే రోజుల్లోనే గడ్డి కోసే పొలమైతే గుడ్లు, పెట్టలు యంత్రం కింద పోతాయి. పక్కన మొక్కజొన్న చేను ఉంటే మేతకు లోటుండదు. అసలు పరీక్ష చలికాలంలోనే. మంచు పడ్డాక గడ్డి పడిపోతుంది, కుంటల్లోని జమ్ము, గాలి ఆపే చెట్ల వరుసలే అప్పుడు దిక్కు. అందుకే తెలిసినవాళ్లు పచ్చగా ఉన్నప్పుడు చూసి బేరం కుదుర్చుకోరు, చలికాలంలో మళ్లీ వెళ్లి నడిచి చూస్తారు.

ఆ తర్వాత కాగితాలు. దారి హక్కు ఉందా? కౌలుదారు ఉన్నాడా? భూమి కింద ఖనిజాల మీద హక్కు ఎవరిది? అక్కడ పైభూమి ఒకరిది, అడుగు మరొకరిది కావచ్చు. 1985 చట్టంతో వచ్చిన పథకం కింద కోతకు గురయ్యే నేలను సేద్యం మాని గడ్డికి వదిలిన రైతుకు 10 నుంచి 15 ఏళ్లు ఏటా సొమ్ము ఇస్తారు. ఆ ఒప్పందం ఉన్న పొలం కొని, కొనసాగించకపోతే తీసుకున్న సొమ్ము వెనక్కి కట్టాల్సి రావచ్చు. గడ్డి నేలకూ కౌలు వస్తుందంటే మనకు వింతే!

ఇది చదివి మన గట్ల మీది కంజులకు, కౌజులకు ఎవరికైనా వల వేయనిద్దామనుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. తుపాకీతో కాల్చడమే కాదు, వల వేయడం, ఉచ్చు పెట్టడం, మందు పెట్టడం, గుడ్లు తీయడం కూడా వేట కిందికే వస్తాయి. పొలం మనదైనా పిట్ట మనది కాదు. నెమలిని చంపితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు. వాడిన బండీ, వలా స్వాధీనం చేసుకుంటారు. తెలిసి సహకరించిన రైతూ చిక్కుల్లో పడతాడు.

కౌజు పిల్లలు మొదటి వారాల్లో ఎక్కువగా పురుగులే తింటాయి. గట్టు మీది గడ్డిని తగలబెట్టకుండా, మందు పిచికారీ గట్టుదాకా పోకుండా చూసుకుంటే వాటికి మేత దొరుకుతుంది. పట్నం నుంచి ఎవరైనా తుపాకులతో, వలలతో వచ్చి "నీ చేలో ఒక పూట" అని డబ్బు చూపితే తీసుకోవద్దు. దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయంలో చెప్పాలి, వీలైతే బండి నంబరు రాసి పెట్టుకోవాలి.