ఆటగాండ్రకు గురువెవరు?

2025వ సంవత్సరము జూలై మాసమున మేము తాండూరునుండి వికారాబాదునకు రైలులో వచ్చుచుంటిమి. రుక్మాపురము దాటునప్పటికి మా పెట్టెలో పెద్ద వాదము చెలరేగెను. భారత ఫుట్‌బాల్ జట్టునకు రాబోవు శిక్షకుడు స్వదేశీయుడు కావలయునా, విదేశీయుడు కావలయునా యని కళాశాల విద్యార్థులు కొందఱు తర్కించుకొనుచుండిరి. కందిపప్పు మూటతో కూతు రింటికి బోవుచున్న యొక వృద్ధురాలు విని విని, "ఎవలైతేంది బిడ్డా! వచ్చినోన్ని నిలువనిస్తరా?" అనెను. పిల్లలు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు.

ఆ నెల మొదటనే స్పెయినుదేశీయుడగు మనోలో మార్క్వెజ్ ఆ పదవిని వీడియుండెను. 2022లో హైదరాబాదు క్లబ్బునకు లీగు విజయము గూర్చిన వాడగుటచే మనవారి కాయన క్రొత్తవాడు కాడు. కాని యాయన యేలుబడిలో దేశపు జట్టు 8 ఆటలాడి యొక్కటే గెలిచెను. ఖాళీయైన యా పదవికి 170 మంది దరఖాస్తు పెట్టుకొనిరి. తుదకు నిలిచిన మువ్వురిలో ఆగస్టు 1వ తేదీన ఖాలిద్ జమీల్‌ను ఎన్నుకొనిరి. 13 ఏండ్ల తరువాత ఈ పీఠ మెక్కిన తొలి భారతీయు డాయన.

స్వదేశీయుడనగానే హైదరాబాదు వారికి సయ్యద్ అబ్దుల్ రహీం తలపునకు వచ్చును. ఆయన బడిపంతులు. 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణము దెచ్చెను. మఱుసటి యేడే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 తో ఘోరపరాజయము! మనవారిలో పెక్కుమంది పాదరక్షలు లేకయే యాడిరి. నేటి రోజులలో నైనచో ఆ రాత్రియే గురువును సాగనంపియుందురు. అప్పటివారు పంపలేదు. 1956లో మెల్బోర్నులో అదే గురువు చేతిలోని జట్టు నాలుగవ స్థానము నందెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 తో గెలిచి మరల స్వర్ణము! అప్పటికే ఆయన దేహమును క్యాన్సరు తినివేయుచుండెను. 1963 జూనులో కన్నుమూసెను. ఆ స్వర్ణము తరువాత ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాలునకు మఱియొక స్వర్ణము లేదు.

ఓర్పొక్కటే చాలునందుమా? క్రొయేషియావాడగు ఇగోర్ స్టిమాచ్‌కు 2019 నుండి 2024 వఱకు ఐదేండ్లిచ్చిరి. ఐనను ప్రపంచకప్పు అర్హతపోటీల మూడవ మెట్టు ఎక్కలేకపోయిరి. జమీల్ వచ్చిన రెండవ నెలలోనే మధ్యాసియా పోటీలో జట్టు మూడవ స్థానము పొందెను. అక్టోబరులో సింగపూరు చేతిలో ఓడగా 2027 ఆసియాకప్పు ద్వారము మూసికొనెను. రహీం వద్ద నున్నది ఓర్పు మాత్రమే కాదు. సికింద్రాబాదు పేదబాలుడు తులసీదాస్ బలరాంను చేరదీసి తీర్చిదిద్దినవా డాయన. అట్లు వీధి వీధిని వెదకి తెచ్చిన పిల్లలుండుటచేతనే గురువు నేర్పు ఫలించినది. పిల్లలు లేని బడికి ఎంతటి పంతులును తెచ్చినను ఏమి చేయును?

ఆడుపిల్లల మాటయు నింతియే. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్యను 2025లో దేశమునకే ఉత్తమ క్రీడాకారిణిగా ఎంచిరి. ఆ బిడ్డను మైదానమునకు పంపిన యిల్లొకటి యున్నది గదా!

రైలు వికారాబాదు చేరుచుండ, ఆ వృద్ధురాలు మూట సవరించుకొనుచు, "మా మనుమరాలు ఏడో తరగతి. బంతాట అంటే పానం. ఈ ఊర్ల నేర్పేటోల్లు ఎవలన్న ఉన్నరా?" అని యడిగెను. అంతవఱకు ఐరోపా గురువుల పేర్లన్నియు వల్లించిన పిల్లలు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. వారిలో నొకడు మాత్రము, "మా బడిల వ్యాయామం సారును అడిగి చెప్త, అవ్వా" అని యామె కూతురి యింటి గుర్తు వ్రాసికొని, మూట నెత్తికొని దిగెను.